కుడి కొసాన మనిషి

పోయిన వారం మనం మురళిని పుంగనూరులో తులసమ్మ ఇంటి గడప దగ్గర, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టించి వదిలేశాం. మర్యాద తెలిసిన పిల్లోడు కాబట్టి వారం రోజులూ అట్లాగే నిలబడి ఉన్నాడు. పత్రిక ఆలస్యమైతే ఇంకో వారం కూడా నిలబడేవాడే.

వాడి భుజానికి వేలాడే సంచిలో ఒక ఫోటో ఉంది. దాన్ని ఎట్లా బయటికి తీయాలో తెలియకే ఆ కాలు లోపలికి రావడం లేదు.

మురళికి మదనపల్లెలో ఫోటోలకు ఫ్రేములు కట్టే అంగడి ఉంది. అది కడుపు కోసం. పిచ్చి మాత్రం వేరే ఉంది. ఎనభై, తొంభై ఏళ్ళ కిందటి పనుల ఫోటోలు ఎక్కడున్నా వెతుక్కుంటూ పోతాడు: సగం లేచిన వంతెనలు, తెగిన చెరువుకు కట్ట వేస్తున్న కూలీలు, కొండను తొలిచి రైలుదారి పరుస్తున్న మనుషులు. వాళ్ళమ్మ ఇందిరమ్మ ఒక సంబంధం చూసి పిల్ల ఫోటో తెచ్చిస్తే, పిల్ల వెనకాల కనిపించే పిట్టగోడ ఎప్పుడు కట్టిందని అడిగాడు. సంబంధం అక్కడితో పోయింది. పిట్టగోడ ఫోటో ఇంకా వాడి దగ్గరే ఉంది.

ఆ పిచ్చితోనే తులసమ్మ ఇంటికి అలవాటుపడ్డాడు. ఆ ఇంటి గోడమీద, పెద్దపంజాణి దారిలో ఉండే గుండ్లవంక వంతెన కడుతున్నప్పటి ఫోటో ఉంది. మధ్యలో కుర్చీలో దొర. ఆయనకు అటూ ఇటూ వరసగా రాతిపని మేస్త్రీలు, కూలీ ఆడవాళ్ళు. వెనక సగం లేచిన కమాను. తులసమ్మ నాయన చెంగయ్య ఆ వంతెన మేస్త్రీల్లో ఒకడు. ఫోటో తీసిన కొద్ది రోజులకే కమాను రాయి జారి మీద పడి చనిపోయాడు. తులసమ్మ అప్పటికి ఇంకా పుట్టలేదు. దొర జాలిపడి, ఆ ఫోటో తీసిన గాజు పలకను చెంగయ్య పెండ్లానికి ఇచ్చాడు. గాజు పలకలో నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా ఉంటుంది కదా, మొగాలు పోల్చుకోలేం. "కుడి కొసాన నిలబడింది మీ నాయనే. నేను కండ్లారా సూస్తాంటి" అని మాత్రం ఆమె బిడ్డకు చెప్పింది. చెప్పి, బిడ్డ చిన్నగా ఉండగానే తనూ పోయింది.

తులసమ్మ పెళ్ళయ్యాక ఆమె మొగుడు ఆ పలకను మదనపల్లెలో ఒక స్టూడియోకు పట్టుకుపోయి కాగితం మీదికి దింపించాడు. పలక స్టూడియోలోనే పగిలింది. ఫోటో ఇంటికొచ్చింది. తులసమ్మ కుడి కొసాన చూసింది. గడ్డం, నిటారు ముక్కు, ఎడమ చేతిలో సుత్తి. ఆ రోజే ఆ మనిషి నుదుటి మీద, అద్దం మీదనే, కుంకుమ బొట్టు పెట్టింది. ఆపైన ప్రతి శుక్రవారం పెడుతూనే ఉంది. బొట్టు మీద బొట్టు పేరుకుని ఇప్పుడు అక్కడ మనిషి మొగం లేదు, ఒక చిన్న ఎర్రకొండ ఉంది. ఇంకొన్నాళ్ళు పోతే దాని ఎత్తు కొలవడానికి సర్వే వాళ్ళు వస్తారు.

ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ తాత ముక్కే వచ్చిందని తేల్చారు. తులసమ్మ కొడుకు ఆంజనేయులుకు తాత గడ్డం కూడా వచ్చింది, లేదా తెప్పించారు. అంతటితో ఆగలేదు. తాత ఎడంచేతి వాటం మనిషి కాబట్టి, కుడిచేతి వాటంతో పుట్టిన ఆంజనేయులుకు చిన్నప్పటి నుంచి ఎడమ చేత్తో పని నేర్పించారు. బస్టాండు దగ్గర సైకిల్ షాపులో ఆయన నలభై ఏళ్ళుగా ఎడమ చేత్తోనే నట్లు బిగిస్తున్నాడు. కుడి చెయ్యి అన్నం తినడానికి మాత్రమే.

ఇక ఆ ఫోటోలో ఎడమ కొసాన ఒకడున్నాడు. వాడికి మొగం లేదు. మెడ పైన పొగ మాదిరి ఒక మరక. అన్నం తినని పిల్లలకు ఆ ఇంట్లో వాడే బూచోడు.

పోయిన వారం కుప్పంలో ఘని అనే గ్రానైటు మేస్త్రి ఇంట్లో మురళికి ఇదే ఫోటో ఇంకొకటి దొరికింది. అన్నీ అవే, కానీ అన్నీ అటువి ఇటు ఉన్నాయి. గడ్డం మనిషి ఎడమ కొసాన ఉన్నాడు. ఆయన ఘని తాత, పీర్ సాబ్ మేస్త్రి. కుడి కొసాన ఉన్నది మొగం లేనివాడు.

అంటే మదనపల్లె స్టూడియో ఆయన పలకను బోర్లా పెట్టి దింపాడు. అంటే తులసమ్మ ఇన్నేళ్ళుగా పూజ చేస్తున్నది పీర్ సాబ్‌కు. బూచోడే ఆమె నాయన.

ఈ సంగతి మురళికి తెలుసు. అది చాలదన్నట్టు వాడు ఘనితో, "మీ తాతను పుంగనూరులో దేవుణ్ణి చేసి పెట్టుకోనుండారు, వచ్చి సూడన్నా" అని వేళాకోళంగా అని వచ్చాడు. ఘని దాన్ని వేళాకోళంగా తీసుకోలేదు. శుక్రవారం వస్తానన్నాడు. ఈ రోజు శుక్రవారం. ఘని పలమనేరులో బస్సు మారి ఇక్కడికి చేరేలోపల మురళి చెప్పాలి.

"ఏమబ్బోడా, ఆడే నిలబడినావు? గడపకు కాపలా పెట్టినామా నిన్ను?" లోపలి నుంచి తులసమ్మ పిలిచింది. ఎనభై దాటిన మనిషి. నెల కిందట కంటి ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి ఎదురింటి కూరలో ఉప్పు తక్కువైందని ఇక్కడ కూర్చునే చూసి చెప్పేస్తోంది.

మురళి రెండో కాలు లోపల పెట్టాడు. ఆంజనేయులు భోజనం ముగించి మంచం మీద కూర్చుని ఉన్నాడు. తులసమ్మ కుంకుమ భరిణె పట్టుకుని ఫోటో వైపు పోతోంది.

మురళి బస్సులో దారి పొడవునా మెత్తగా ఎట్లా చెప్పాలో సాధన చేశాడు. ఆ గొణుగుడు విని పక్క సీటాయన ఇంట్లో ఎవరో పోయారనుకుని వీపు నిమిరి అరటిపండు ఇచ్చాడు. అంత సాధన చేసిన నోట్లోంచి తీరా వచ్చిన మాట ఇది:

"అవ్వా, ఆయన మీ నాయన కాడు."

ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఫ్యాను కూడా ఆగింది. అది కరెంటు పోవడం వల్ల అని తర్వాత తెలిసింది.

"ఏందప్పా అంటాండావు?" ఆంజనేయులు లేచాడు. "మా తాత మా తాత కాడా?"

మురళి సంచిలోంచి కుప్పం ఫోటో నకలు తీశాడు. "అన్నా, గాజు పలకకు ఒక పక్కే మందు పూత ఉంటాది. ఆ పక్క కాగితానికి ఆనించాల. మీ నాయన పోయిన స్టూడియోలో తిప్పి పెట్టేసినారు. కుడి ఎడమైపోయింది. ఇద్దో, ఇది అసలుది."

"దానికేం రుజువు?"

"ఈ గోడమీది దాంట్లో ఆడోళ్ళను సూడన్నా. అందరికీ పైట కుడి భుజం మీద ఉండాది."

"అప్పట్లో కుడిపైట ఏసేవాళ్ళు శానామంది. మా అత్తగారి ఊర్లో ఇప్పుడు గూడా ఉండారు."

"సరే. సుత్తులు సూడు. అందరూ ఎడం చేత్తోనే పట్టుకోనుండారు. ఒక వంతెన కాడ పనిచేసేవాళ్ళంతా ఎడంచేతి వాటమేనా?"

ఆంజనేయులు క్షణం కూడా తడుముకోలేదు. "మా తాత పెద్దమేస్త్రి. పెద్దమేస్త్రి ఎడం చేత్తో కొడతాంటే కిందోళ్ళు కుడి చేత్తో కొడతారా? మర్యాద ఉండద్దా?"

 మురళి మేకుకు వేలాడే అద్దం దించి, కుప్పం ఫోటోను దాని ముందు పెట్టాడు. అద్దంలో గడ్డం మనిషి కుడి కొసకు వచ్చేశాడు. అచ్చు గోడమీది ఫోటోనే.

ఆంజనేయులు చాలాసేపు చూశాడు. "రెండింట్లో ఒకటి తిరగబడింది, ఒప్పుకుంటాండా. తిరగబడింది కుప్పంది. పో."

"అన్నా..."

"పో అంటి గదా! ఈ సెయ్యి సూడు." ఎడమ చెయ్యి చాచాడు. గ్రీజు మరకలతో, కాయలు కాసి, గట్టిగా ఉంది. "బళ్ళో పలకమీద కుడి చేత్తో రాస్తే అయివారు కొట్టకపాయినా మా యమ్మ కొట్టింది. ఎడం చేత్తో రాస్తే అయివారు కొట్టినాడు. ఇద్దరి దెబ్బలూ తిన్న్యాను, తాత వాటం అని. ఇప్పుడొచ్చి తిరగబడింది అంటాండావు. నన్ను తిప్పుతావా మళ్ళా?"

మురళి తల దించుకున్నాడు. ఫోటోలు వెతుక్కుంటూ తిరిగినన్నాళ్ళు వాడికి వంతెనలే కనబడ్డాయి. వంతెన కింద ఇట్లా ఒక మనిషి చెయ్యి నలుగుతోందని ఎప్పుడూ తోచలేదు.

"ఆంజనేయులూ," అంది తులసమ్మ. "ఏనుగు గుండు యా పక్క ఉండాది?"

గుండ్లవంక వంతెన పక్కన ఏనుగంత బండరాయి ఒకటుంది. ఆ దారిన పోయే వాళ్ళందరికీ తెలుసు.

"నేను ఆ వంకలో గుడ్డలుతికినదాన్ని. దిగువ ఇసకలో నిలబడి సూస్తే గుండు కుడిచేతి పక్క. ఈ పటంలో ఎడంచేతి పక్క ఉండాది. ఆ పిల్లోని పటంలో కుడిచేతి పక్కే ఉండాది."

"ఎగువ నుంచి తీసింటారమ్మా!"

"ఎగువ మడుగు రా. ఏనుగును దింపినా మునిగిపోతాది. ఫోటో తీసినోడు ఈదుతా తీసినాడా?"

మురళి నోరు తెరిచాడు. "అవ్వా, మరి ఇన్నేండ్లూ తెలిసి గూడా..."

"గుండు తావు మారిందని తెలుసబ్బోడా. దొరలు తర్వాత దాన్ని అట్నించి ఇట్ల దొర్లించి పెట్టింటారులే అనుకున్న్యా. అంత వంతెన కట్టినోళ్ళకు గుండు ఒక లెక్కా?"

ఆంజనేయులు మంచం మీద కూలబడ్డాడు. మర్యాద గురించి వాదించవచ్చు, పైట గురించి వాదించవచ్చు. గుండుతో వాదించలేం.

తులసమ్మ కొంగు తడిపి ఫోటో దగ్గరికి పోయింది. ఎర్రకొండను గోటితో గీకింది. పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. కొంగుతో తుడిచింది. గడ్డం వచ్చింది, నిటారు ముక్కు వచ్చింది, నిమ్మళంగా చూసే రెండు కళ్ళు వచ్చాయి.

"ఎవురప్పా ఈయన?"

"పీర్ సాబ్ మేస్త్రి. కుప్పం ఘని వాళ్ళ తాత."

"మంచి మొగమే." కొంచెం సేపు ఆయన్నే చూసింది. "మరి మా నాయన యాడ?"

ఈ ప్రశ్నకు భయపడే మురళి అన్ని రోజులూ గడప దాటలేదు. వేలు లేవలేదు. నోరు లేవలేదు. కళ్ళు మాత్రం వాడి మాట వినకుండా ఫోటోలో ఎడమ కొసకు పోయాయి. కొత్తగా చూపొచ్చిన తులసమ్మ ఆ కళ్ళను పట్టుకుంది.

"బూచోడా?"



"రేయ్ మురళీ, లెయ్," అన్నాడు ఆంజనేయులు. వాడు నిలబడే ఉన్నాడు. "లేసి బయటికి పో. ఉండే మొగం తీసేసి, మొగం లేనోన్ని ఇస్తావా మా యమ్మకు?"

"ఉండ్రా." తులసమ్మ ఆ మరక మీద వేలు ఆనించింది. "వీడు అన్నం తినకుంటే వస్తాడని నీకు సెప్తి, నీ బిడ్డలకు సెప్తి. మా నాయన్ను పెట్టుకోని బిడ్డల్ను బెదరగొడితిని గదరా." మురళి వైపు తిరిగింది. "యాలప్పా ఈయనకు మొగం లేదు?"

"అప్పట్లో ఫోటో తీసేదానికి శానాసేపు పట్టేది అవ్వా. అందురూ బిగుసుకోని నిలబడాల. ఎవురన్నా కదిలితే ఇట్ల పొగ మాదిరి పడతారు. ఆయన తల తిప్పినాడు."

"యా పక్కకు?"

"బయటి పక్కకు. ఫోటోలో లేని పక్కకు."

తులసమ్మ గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. మురళి భయపడి దగ్గరికి పోయాడు. ఆమె వాణ్ణి కాదు, ఎక్కడో వంక ఒడ్డును చూస్తోంది.

"మా యమ్మ ఒక మాట సెప్పేది. 'నేను సున్నం తట్ట ఎత్తుకోని కుడి పక్కన కానగ సెట్టు కింద నిలబడితినే. కదలొద్దు కదలొద్దు అని ఫోటో తీసేవాడు అరస్తాండాడు. మీ నాయన నన్ను సూసి నవ్వినాడే' అని. నేను ఈ గడ్డం ఆయన్ను సూస్తాంటి. ఈయన నవ్వేది యాడిది, దొర కుర్చీని మోస్తాండేది ఈయనే అన్నట్ల ఉండాడు. మా యమ్మ నాకోసరం కల్పించి సెప్పింది పాపం అనుకున్న్యా." వేళ్ళతో కొంగు మడిచింది, విప్పింది. "కల్పించలేదు మా యమ్మ."

"లేదవ్వా."

"అప్పుడు మా యమ్మకు నెలలు నిండినాయి. అంటే నేనూ ఆడే ఉంటి గదా అబ్బోడా, ఆ సెట్టు కింద."

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

అప్పుడు గుమ్మంలోకి మొదట ఒక ముక్కు వచ్చింది. కొంతసేపటికి దాని వెనకాల ఘని వచ్చాడు.

"సైకిల్ షాపు ఆంజనేయులన్న ఇల్లు ఇదేనాప్పా?"

ఆ ముక్కు చూసి ఎవరూ ఆయన్ను పేరు అడగలేదు. ఆంజనేయులు తన ముక్కు తడుముకున్నాడు. అది కొంచెం చప్పిడిగా ఉంటుందని అరవై ఏళ్ళ తర్వాత ఈ రోజే ఆయనకు తెలిసింది.

ఘని చెప్పులు బయట వదిలి వచ్చి గోడ ముందు నిలబడ్డాడు. తాత మొగం చుట్టూ ఇంకా ఎర్రగా కుంకుమ పొడి ఉంది. ఫోటోకు వేసిన కనకాంబరాల దండ ఉంది.

"అప్పా, మీ తాతని తెలీక మేము..." తులసమ్మ లేవబోయింది. "ఏటా పెద్దల అమావాస్యకు వడలు పెడితిమి, కొత్త పంచ పెడితిమి. మా నాయనకు ఇష్టమంట అని కల్లు ముంత గూడా పెడితిమి."

"కల్లా?" ఘని చెయ్యి నోటికి పోయింది. "అవ్వా, మా తాత ఐదు పూటలా నమాజు సేసేటోడు. ఈతసెట్టు కింద నీడకు గూడా నిలబడేటోడు కాదంట. ఏటా ముంత సూసి ఎంత సిగ్గుపడి సచ్చినాడో!" అని, అంత పెద్ద ముక్కుతోనూ నవ్వేశాడు. నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు. "మా ఇంట్లో ఆయన్ను దుమ్ము దులిపేవాళ్ళు గూడా లేరు. మీరు వారం వారం పలకరిస్తా వచ్చినారు. తప్పేముండాది?"

తులసమ్మ ఆయన చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. ఘని చేతిసంచిలోంచి పాత చీరగుడ్డలో చుట్టిన పొట్లం ఒకటి తీసి, పసిబిడ్డను పెట్టినట్టు మంచం మీద పెట్టాడు.

"ఈ మురళి వచ్చిపోయినాక మా ఇంటామె సఫియా అటక మీద వెతికింది. ఇది దొరికింది. మా నాయన సెప్పేవాడు, మొదటి సారి ఒకాయన కదిలినాడని ఇంగొకటి తీసినారంట. కదిలినాయన మళ్ళా కదలకుండా మా తాత పోయి పక్కన నిలబడి, భుజం మీద సెయ్యేసి పట్టుకున్న్యాడంట. తీరా దాంట్లో దొర కండ్లు మూసుకున్న్యాడు. పారెయ్యమంటే మా తాత ఎత్తిపెట్టుకున్న్యాడు."

గాజు పలక! ఎవరూ కాగితం మీదికి దింపనిది. కదలని చెంగయ్య. మొగం ఉన్న చెంగయ్య. మురళి వేళ్ళు వాటంతట అవే ముడి వైపు పోయాయి.

"విప్పద్దు," అంది తులసమ్మ.

"అవ్వా?"

"దాంట్లో మా నాయన అందరి మాదిరి ముందుకు సూస్తాంటాడు గదా." గోడమీది మరక వైపు చూసింది. "ఇప్పుడే గదప్పా నా పక్క తిరిగినాడు. ఈ పొద్దుకు ఇట్లే ఉండనీ."

మురళి చేతులు వెనక్కి తీసుకుని, నమ్మకం లేక వాటిమీద తనే కూర్చున్నాడు. ఘని తలూపాడు.

ఆంజనేయులు ఊపలేదు.

"నీకు సరేనమ్మా. నిన్ను సూసినాడు. నాకు? నా మొగం ఎవురిది, నా సెయ్యి ఎవురిది? నాకు తెలియాల."

"ఆంజనేయులూ..."

ఆయన వినలేదు. మంచం మీదికి వంగి పొట్లం కోసం చెయ్యి చాచాడు.

కుడి చెయ్యి.

ఆ చెయ్యి బళ్ళో దెబ్బలు తిన్న నాటి నుంచి అన్నం ముద్ద తప్ప ఇంకో వస్తువును నమ్మకంగా పట్టుకున్నది కాదు. చీరగుడ్డ ముడి వదులైంది. దాంట్లోంచి గాజు పలక నున్నగా జారుతూ, పట్టు తెలియని ఆ ఐదు వేళ్ళ మీదికి వచ్చింది.